బల్లమీద వాటర్లూ యుద్ధము



చదరంగము మీరెల్లరు నెరిగినదే. ఆ చతురంగ క్రీడ మన దేశమున పుట్టి, పారసీకుల చేతులమీదుగను, పిదప అరబ్బుల చేతులమీదుగను యూరపు ఖండమునకు చేరినది. అచ్చట దానినుండి వేరొక క్రీడ మొలచినది. చిన్న చిన్న బొమ్మ సైనికులను బల్లపై నిలిపి, పూర్వము జరిగిన యుద్ధములను మరల నడిపి చూచుటయే యా క్రీడ. పెద్దవారు బొమ్మలతో నాడుట యేమి, అందును చంపుకొనుటను వినోదముగా చేసికొనుట యేమి యని మీకు తోచవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే నేడు పూనుకొంటిని.

1780లో హెల్విగ్ అను జర్మను పండితుడు చదరంగపు గళ్లను వందలకొలది పెంచి, కొన్నిటిని కొండలుగను కొన్నిటిని నీటిపట్టులుగను చేసి, యుద్ధవిద్య నేర్పుట కొక యాటను కల్పించెను. 1824లో ప్రష్యా సేనయందలి రైస్విట్స్ అను యువకుడు, తన తండ్రి యారంభించిన పనిని సంస్కరించి, గళ్లకు మారుగా నేలపటముమీదనే యాట నడుపు విధమును ప్రకటించెను. ఒక్కొక్క యెత్తు రెండు నిమిషముల కాలమునకు సమానము. కాల్పుల ఫలమును పాచికలు తేల్చును. తీర్పు చెప్పుటకు మధ్యస్థుడొకడుండును. ప్రష్యా సేన దీనిని తన యధికారుల శిక్షణకై స్వీకరించెను.

నేడు వినోదార్థమాడువారిలో ననేకులకు నెపోలియను కాలపు యుద్ధములనిన మక్కువ యెక్కువ. ఫ్రెంచివారి నీలపు కోట్లు, ఆంగ్లేయుల యెర్ర కోట్లు, గుర్రపురౌతుల తురాయిలు — వీనినన్నిటిని అంగుళమెత్తు బొమ్మలపై సన్నని కుంచెతో దిద్దుటకే నెలలు పట్టును. కాని యాకర్షణ రంగులలో మాత్రమే లేదు. గుర్రపుదళము మీదికి వచ్చునప్పుడు కాల్బలము నాలుగువైపుల బాయినెట్లు చాచి చతురస్రముగా నిలువవలెను. గుర్రము ఆ మొనలపైకి దూకదు. అయితే యట్లు గుమికూడినవారు ఫిరంగి గుండ్లకు సులభముగా చిక్కుదురు. ఫిరంగులకు వెరచి పలుచని బారుగా విడిపోయిరా, గుర్రపుదళము వచ్చి నరకివేయును. ఏ క్షణమున నే వ్యూహము పన్నవలయునో యెరిగినవాడే సేనాని.

చదరంగమున బంటు భయపడడు, ఆజ్ఞ తప్పడు. ఈ క్రీడయందట్లు గాదు. నష్టము మితిమీరిన దళమునకు ధైర్యపరీక్ష గలదు. పాచిక ప్రతికూలముగా పడినచో దళమంతయు వెనుదిరిగి పారిపోవును. కొన్ని విధానములలో ఆజ్ఞ కొనిపోవు రౌతు దారిలో జాగుచేయవచ్చును.

1815 జూన్ 18న బెల్జియమునందలి వాటర్లూవద్ద జరిగినదిట్టిదే. ముందటి రాత్రి పెద్దవాన కురిసెను. బురదలో ఫిరంగులు కదలవు. గుండ్లు నేలతాకి యెగురక కూరుకొనిపోవును. అందుచే నెపోలియను పగలు పదునొకండున్నర గంటల ప్రాంతమువరకు యుద్ధమారంభింపలేదు. ఎదుట నున్నది వెల్లింగ్టను ప్రభువు. 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున పాల్గొనిన వెల్లెస్లీ యితడే. మధ్యాహ్నము దాటినపిదప ఫ్రెంచి గుర్రపుదళము ఆంగ్ల చతురస్రములపై పలుమారులు పడియు వానిని భేదింపలేకపోయెను. ఇంతలో సాయంకాలమునకు బ్లూకరు నాయకత్వమున ప్రష్యా సేన బురదదారుల నడచి వచ్చి ఫ్రెంచివారి కుడిప్రక్కను తాకెను. ఉదయము పోయిన గంటలు సాయంకాలమున మరల దొరకలేదు. బల్లమీద నాడువారు గడియారమును వెనుకకు త్రిప్పి, వాన లేనట్లు భావించి, మరల నాడి చూడగలరు. చక్రవర్తికా యవకాశము లేకపోయెను.

ఆ యొక్క దినమున హతులును క్షతగాత్రులును కలిసి నలువదివేలకు మించిరి. కొన్ని విధానములలో నొక బొమ్మ యిరువదిమంది సైనికులకు గుర్తు. ఆ లెక్కను మరువనివాడు బల్లమీదినుండి బొమ్మ నెత్తి ప్రక్కన పెట్టునపుడు, ఇరువది యిండ్ల దీపములు ఆరినవని తెలిసికొనును. 1913లో వెల్స్ అను నాంగ్ల రచయిత ఈ బొమ్మల యుద్ధమును గూర్చి యొక చిన్న పుస్తకము వ్రాసి, దీనిని మూడు నాలుగుమారులాడినవానికి నిజమైన మహాయుద్ధమెంత తప్పులకుప్పయో బోధపడునని వాదించెను. మరుసటి యేడే యూరపున మహాయుద్ధము చెలరేగెను.

కనుక ఈ క్రీడను పిల్లచేష్టయని నేను త్రోసివేయజాలను. వాన, బురద, భయము, ఆలస్యము — వీనిలో నేదైనను మహావీరుని యుపాయమును చెరుపగలదని యిది చూపుచున్నది. యుద్ధము తన చేతిలోనిదని గర్వించువానికి ఈ పాఠము అవసరము. బల్లమీద నేర్చుకొనిన నష్టము లేదు. పొలములలో నేర్చుకొనిన దేశమే నశించును.