మన చర్మం – మన కవచం

మన శరీరంలో అతి పెద్ద అవయవం ఏది? ఈ ప్రశ్న అడిగితే చాలామంది కాలేయం అనో, ఊపిరితిత్తులు అనో చెబుతారు. సరైన జవాబు చర్మం. పెద్దవారి చర్మాన్ని విప్పి పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు ఉంటుంది. అంటే ఒక మనిషి పడుకునే చాపంత. జ్ఞానేంద్రియాల పాఠంలో కన్ను, చెవి గురించి శ్రద్ధగా చదివి, చర్మాన్ని చివర్లో వదిలేస్తాం. కానీ హాస్టల్లో ఉండేవారు మొదట తెలుసుకోవలసింది దీని గురించే.

నిర్మాణం

చర్మంలో ముఖ్యంగా రెండు పొరలున్నాయి. పైది బాహ్యచర్మం, లోపలిది అంతశ్చర్మం. వాటి కింద కొవ్వు పొర ఉంటుంది. బాహ్యచర్మం అడుగున కణాలు నిత్యం పుడుతూ, పాతవాటిని పైకి నెడుతుంటాయి. పైకి చేరేసరికి అవి చనిపోయి, కెరాటిన్ అనే గట్టి పదార్థంతో నిండిన పొలుసులవుతాయి. ఈ ప్రయాణానికి సుమారు నెల పడుతుంది. మనం ఒళ్ళు రుద్దుకుంటే మట్టితోపాటు రాలేవి ఈ మృతకణాలే. బాహ్యచర్మంలో రక్తనాళాలు ఉండవు. అందుకే పైపైన గీరుకుంటే రక్తం రాదు.

రక్తనాళాలు, నాడులు, స్వేద గ్రంథులు, రోమాల కుదుళ్ళు, నూనెనిచ్చే గ్రంథులు అంతశ్చర్మంలో ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో మాత్రం రోమాలూ లేవు, నూనె గ్రంథులూ లేవు.

విధులు

చర్మం సూక్ష్మజీవులను లోనికి రానివ్వదు, ఒంట్లోని నీటిని బయటకు పోనివ్వదు. ఎండలో పనిచేసేటప్పుడు ఇరవై లక్షలకు పైగా ఉన్న స్వేద గ్రంథులు చెమటను పోస్తాయి. ఆ చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఎండ తగిలితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. స్పర్శ, వేడి, చలి, నొప్పి తెలిసేది కూడా చర్మం ద్వారానే.

రంగు

రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాల సంఖ్య నల్లనివారిలోనూ తెల్లనివారిలోనూ దాదాపు సమానమే. అవి తయారుచేసే మెలనిన్ పరిమాణంలో, రకంలో మాత్రమే తేడా. ఎక్కువ మెలనిన్ ఉంటే సూర్యుని అతినీలలోహిత కిరణాల నుంచి ఎక్కువ రక్షణ ఉంటుంది. కాబట్టి నలుపు లోపం కాదు, గొడుగు. తోటివారిని రంగు పేరుతో పిలిచే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గజ్జి

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా గదిలో ఒక మిత్రునికి గజ్జి వచ్చింది. మేము అతణ్ణి వరండాలో పడుకోబెట్టాం. పళ్ళెం కూడా వేరు పెట్టాం. వేరు పళ్ళెం అంటే ఏమిటో మన ఇళ్ళలోని పెద్దలకు బాగా తెలుసు. అయినా మేము ఆ పని చేశాం. నెల తిరగకముందే గదిలో అందరికీ దురద మొదలైంది. అతడు మాత్రం సెలవులకు ఇంటికి వెళ్ళి, మళ్ళీ హాస్టలుకు రాలేదు.

అసలు కారణం నాకు డిగ్రీలో తెలిసింది. గజ్జిని కలిగించేది అర మిల్లీమీటరు కూడా లేని ఒక పురుగు. ఆడపురుగు బాహ్యచర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే అతణ్ణి వెలివేసే నాటికే మాలో చాలామందికి అది సోకి ఉంటుంది. తప్పు అతనిది కాదు. అది పళ్ళెం వల్ల వచ్చేదీ కాదు. చర్మానికి చర్మం ఎక్కువసేపు తగలడం వల్ల, ఒకే పక్క, తువ్వాలు వాడటం వల్ల వస్తుంది.

కాబట్టి ఒక్కరికి వస్తే గదిలో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. డాక్టరు ఇచ్చే పెర్మెత్రిన్ మందును మెడ నుంచి అరికాళ్ళ వరకు రాసి, చెప్పినంతసేపు ఉంచి స్నానం చేయాలి. వారం తర్వాత మళ్ళీ రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి.

ఇంకొక్క మాట. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే దాచుకోవద్దు. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది.

తమ్ముళ్ళూ, మీ గదిలో ఎవరైనా గోక్కుంటుంటే అతని చాప వరండాలో వేయకండి. అతనితోపాటు మీరూ ఆసుపత్రికి నడవండి.