మాత్రలకు లొంగు పెద్ద కంతి

తపతీ తీరమందలి సూరత్ నగరములో మరమగ్గములపై బ్రతుకు సాగించుచున్న తెలుగువారు అనేకులు కలరు. తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చిన ఈ నేత కుటుంబములలో కొన్ని తరతరములుగా లింబాయత్ మొదలగు పేటలలో నివసించుచున్నవి. సాంచాల నడుమ నిలిచి పనిచేయువానికి చూపే జీవనాధారము. ఎదుటి దారము తెగినది కనిపించుచు, ప్రక్క సాంచా ఆగినది తెలియకున్నచో, నడచునపుడు ఇరుప్రక్కల మనుష్యులు తగులుచున్నచో, కళ్ళద్దములు మార్చినంత మాత్రమున ప్రయోజనము లేకపోవచ్చును. లోపము కంటి వెనుక ఉండవచ్చును.

మెదడు అడుగున, జీనువలె పల్లముగానున్న ఎముక గూటిలో బఠాణీ గింజంత గ్రంథి ఉన్నది. దానిని పీయూష గ్రంథి లేక పిట్యూటరీ అందురు. ఎదుగుదలను, సంతానశక్తిని, థైరాయిడ్ పనిని నడుపు హార్మోనులు దీనినుండి స్రవించును. దీనికి పైభాగముననే రెండు కంటి నరములు కలిసికొను కూడలి కలదు. గ్రంథిలో కంతి పుట్టి పైకి పెరిగినచో ఆ కూడలిని నొక్కును. ముందుగా ఇరుప్రక్కల చూపు తగ్గును. ఈ కంతులు దాదాపు అన్నియు క్యాన్సరు కానివే. 4 సెంటీమీటర్లు, అంతకు మించిన వాటిని వైద్యులు అతి పెద్ద కంతులుగా లెక్కింతురు.

హార్మోను స్రవించు అతి పెద్ద కంతులలో ప్రోలాక్టిన్ కంతులే ముఖ్యమైనవి. ప్రోలాక్టిన్ తల్లికి పాలు పడుటకు కావలసిన హార్మోను. అది మితిమీరినచో స్త్రీకి ముట్టు ఆగును, ఒక్కొక్కప్పుడు బిడ్డ లేకయే పాలు కారును. కావున ఆమె త్వరగా వైద్యుని చూచును. పురుషునికి కోరిక తగ్గును, సంతానము కలుగకపోవచ్చును. సిగ్గుచే ఎవరితోను చెప్పడు. ఏండ్లు గడచును, కంతి పెరుగును. అతి పెద్ద ప్రోలాక్టిన్ కంతులు పురుషులలోనే ఎక్కువగా బయటపడుటకు ఈ ఆలస్యము ఒక కారణము.

తలలో నిమ్మకాయంత కంతి ఉన్నదని వినగానే ఇంటివారు శస్త్రచికిత్సయే శరణ్యమనుకొందురు. కాని ఈ రకపు కంతి ఎంత పెద్దదైనను, సాధారణముగా మొదటి చికిత్స మాత్రలే. 1970 దశకమునుండి బ్రోమోక్రిప్టిన్ వాడుకలో ఉన్నది. దానిని ప్రతిదినము వేసికొనవలెను. తరువాత వచ్చిన కేబర్గోలిన్ వారమునకు రెండుసార్లు చాలును. చాలమందిలో కంతి ముడుచుకొనును. కొందరికి కొలది దినములలోనే చూపు మెరుగుపడును.

కావుననే కత్తి పట్టుటకు ముందు రక్తపరీక్ష తప్పనిసరి. ఇందులోనొక చిక్కు కలదు. పురుషుని రక్తములో ప్రోలాక్టిన్ సాధారణముగా మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపుండును. ఈ కంతులలో 1000 దాటుట పరిపాటి. హార్మోను మరీ అధికమైనపుడు కొన్ని పరీక్షా పద్ధతులు మోసపోయి తక్కువ అంకె చూపును. రక్తరసమును పలుచన చేసి మరల పరీక్షించినచో అసలు అంకె బయటపడును. స్కానులో కంతి అతి పెద్దదై, అంకె స్వల్పముగా ఉన్నచో, పలుచన చేసి చూచితిరా అని నిస్సంకోచముగా అడుగవలెను.

ఎదుగుదల హార్మోనును స్రవించు కంతుల సంగతి వేరు. చెప్పులు, ఉంగరము బిగువగుట వాటి తొలి గుర్తు. వాటికి సాధారణముగా ముక్కు మార్గమున శస్త్రచికిత్స మొదట చేయుదురు. మిగిలిన భాగమునకు సూదిమందులు, కిరణ చికిత్స కలవు.

మాత్రలతో వాంతి వచ్చునట్లుండుట, లేచినపుడు తల తిరుగుట కలుగవచ్చును. అరుదుగా జూదముపై, ఖర్చుపై అదుపు తప్పును; ఇది ఇంటివారు గమనించి చెప్పవలసిన విషయము. పెద్ద కంతి వేగముగా ముడుచుకొన్నపుడు ముక్కునుండి నీరువంటి ద్రవము కారినను, హఠాత్తుగా భరింపరాని తలనొప్పితో చూపు పోయినను, ఆ దినమే ఆసుపత్రికి చేరవలెను.

సూరత్‌లో 1964లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రిలో గాని, నగరపాలక సంస్థవారి స్మిమేర్ ఆసుపత్రిలో గాని కంటి పరీక్షతో ప్రారంభింపవచ్చును. మాత్రలు ఏండ్ల తరబడి వాడవలసి యుండును. చూపు వచ్చినదని స్వయముగా మానినచో కంతి మరల పెరుగవచ్చును. బతుకమ్మకు స్వగ్రామము పోవువారు సరిపడు మాత్రలను, చివరి స్కాను, రక్తపరీక్ష కాగితములను వెంట తీసికొనిపోవలెను. మోతాదు గుజరాతీలో వ్రాసియున్నచో, బయలుదేరుటకు ముందే తెలుగులోనో ఆంగ్లములోనో వ్రాయించుకొనవలెను.