ఫ్రిజ్ మాగ్నెట్లు చాలు.. స్వీడన్, నార్వే వెళ్తే ఈ చిన్న కత్తి తెచ్చుకోండి.. కానీ బ్యాగులో ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి!

విదేశాలు తిరిగొచ్చిన వాళ్ల ఇంట్లో షోకేసు చూస్తే ఒకటే సీన్.. ఐఫిల్ టవర్ బొమ్మ, నాలుగు కీచైన్లు, ఫ్రిజ్ నిండా మాగ్నెట్లు. కొన్న రోజు మురిపెం, ఆ తర్వాత దుమ్ము దులపడమే పని. స్టాక్‌హోమ్‌లోనో, హెల్సింకీలోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లే అమ్మానాన్నలకు, టూర్‌కి వెళ్లేవాళ్లకు అంతకంటే పనికొచ్చే వస్తువు ఒకటి ఉంది. అక్కడి రైతులు, వడ్రంగులు, జాలర్లు తరతరాలుగా నడుముకు కట్టుకుని తిరిగిన చిన్న కత్తి. ఇంటికి తెచ్చాక రోజూ వాడుకోవచ్చు. అయితే ఏది పడితే అది కొన్నా, తిరుగు ప్రయాణంలో ఒక్క పొరపాటు చేసినా డబ్బులు పోయినట్టే.

అసలు ఏంటి ఈ కత్తి స్పెషల్?

స్వీడన్‌లో సిల్యాన్ సరస్సు ఒడ్డున మోరా అనే చిన్న ఊరుంది. ఏటా 90 కిలోమీటర్ల వాసాలోపెట్ స్కీయింగ్ రేసు ముగిసేది ఇక్కడే. మనకు కొండపల్లి బొమ్మలు ఎలాగో స్వీడన్‌కు దాలా గుర్రం బొమ్మ అలాగ.. ఆ కొయ్య గుర్రాలు తయారయ్యేదీ ఈ ఊరి పక్కనే. మోరా దగ్గర ఓస్ట్‌నూర్ అనే పల్లెలో 1891లో ఫ్రోస్ట్ ఎరిక్ ఎర్సన్ అనే ఆయన అమెరికా నుంచి తిరిగొచ్చి, కలప లాగే స్లెడ్జి బండ్ల ఫ్యాక్టరీ పెట్టాడు. అందులో పనివాళ్ల కోసం కత్తులు కూడా చేశారు. చివరికి ఆ కత్తులే ప్రపంచమంతా పాకాయి. మోరా కత్తి అన్న పేరు అలా వచ్చింది.

చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. బర్చ్ చెక్క పిడి, 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ బ్లేడు, నడుముకు తగిలించుకునే ఒర. అంతే. అసలు విషయం బ్లేడు అంచులో ఉంది. మన వంటింటి చాకుల్లో చాలావాటికి అంచు దగ్గర సన్నటి గీతలా పదును పెడతారు. ఈ కత్తికి అలా కాదు.. రెండు పక్కలా వెడల్పాటి చదునైన ఏటవాలు నేరుగా అంచు దాకా దిగుతుంది. దీనివల్ల చెక్కను పెన్సిల్ చెక్కినంత సులువుగా చెక్కొచ్చు. ఇంకో లాభం.. సాన పట్టడం చాలా ఈజీ. ఆ చదునును సానరాయి మీద అలాగే ఆనించి రుద్దితే చాలు, ఏ కోణంలో పట్టాలన్న తిప్పలు ఉండవు. స్వీడన్‌లో చేతిపని స్కూల్ సిలబస్‌లో తప్పనిసరి. అక్కడి పిల్లలకు కత్తి పట్టడం కొత్తేమీ కాదు.

మెరిసేదల్లా కొనకండి

టూరిస్టు వీధుల్లో కత్తుల షాపులు కళ్లు జిగేల్‌మనిపిస్తాయి. బ్లేడు మీద రెయిన్‌డీర్ బొమ్మ, పిడికి రంగురంగుల నగిషీ.. కానీ ఏ ఉక్కో, ఎక్కడ తయారైందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. అలాంటిది వదిలేయండి. నిజానికి మోరా కత్తి దొరికే మంచి చోటు గిఫ్ట్ షాపు కాదు.. పనిముట్లు, క్యాంపింగ్ సామాన్లు అమ్మే మామూలు దుకాణం. ప్లాస్టిక్ పిడి ఉన్న మామూలు మోడల్ అయితే స్వీడన్‌లో మేస్త్రీలు సైతం వాడే చవక సరుకు. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే నార్వేలో 1932 నుంచి కత్తులు చేస్తున్న హెల్లె, ఫిన్లాండ్‌లో రోవనియెమిలో 1928లో మొదలైన మార్తీని లాంటి పేర్లు చూడొచ్చు. శాంటాక్లాజ్ గ్రామం చూడ్డానికి వెళ్లేది ఆ రోవనియెమికే.

ఇక ఏ ఉక్కు తీసుకోవాలి? మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. కార్బన్ స్టీల్‌కి పదును త్వరగా ఎక్కుతుంది, అందుకే అక్కడి చెక్కపని వాళ్లకు అదంటే ప్రాణం. కానీ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తడి తుడవకుండా ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మచ్చలు వచ్చేస్తాయి. పచ్చి మామిడికాయ, నిమ్మకాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది కూడా. రోజూ తుడిచి నూనె చుక్క రాసే ఓపిక ఉంటే సరే.. లేదంటే కళ్లు మూసుకుని స్టెయిన్‌లెస్ తీసుకోండి. తోలు ఒర అందంగానే ఉంటుంది, కాకపోతే వానాకాలంలో బూజు పడుతుంది. కత్తిని అందులోనే ఉంచి అల్మరాలో పడేయకూడదు.

షాపులోనే చేత్తో పట్టుకుని చూడండి. పిడి పిడికిట్లో నిండుగా ఇమడాలి. బ్లేడుకీ పిడికీ మధ్య సందు కనిపించకూడదు. ఒరలో పెట్టి తలకిందులు చేస్తే జారి పడకూడదు. మరో సంగతి.. ఈ కత్తుల్లో చాలావాటికి బ్లేడు దగ్గర వేళ్లను ఆపే అడ్డు ఉండదు. ఇది కోయడానికి, చెక్కడానికి చేసింది. గుచ్చితే చెయ్యి ముందుకు జారి మీకే తెగుతుంది. కొబ్బరికాయ కొట్టడం, మటన్ ఎముకలు నరకడం లాంటివి అస్సలు చేయొద్దు, అంచు పెచ్చులూడిపోతుంది. పళ్లు, కూరగాయలు, పార్శిల్ డబ్బాలు, తోటలో తాళ్లు, పిల్లలతో చెక్కబొమ్మలు.. వీటికి దీన్ని మించింది లేదు.

అక్కడి చట్టం, ఇక్కడి చట్టం

కత్తి వాళ్ల సంస్కృతిలో భాగమే కదా అని నడుముకు కట్టుకుని స్టాక్‌హోమ్ వీధుల్లో తిరిగితే పోలీసులు ఆపుతారు. 1988లో వచ్చిన చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశాల్లో కత్తి దగ్గర ఉంచుకోవడం స్వీడన్‌లో నేరం. బయట ఆపిన కారులో ఉంచుకున్నా ఇదే రూలు. ఫిన్లాండ్‌లోనూ కారణం లేకుండా వెంట తిప్పుకోవడం కుదరదు. అందుకే కొన్నాక ప్యాక్ విప్పకుండా, బిల్లుతో సహా నేరుగా రూముకి తీసుకెళ్లి సూట్‌కేసు అడుగున పెట్టేయండి.

ఇక అసలు పొరపాటు.. హ్యాండ్ బ్యాగేజ్. కత్తి విమానం క్యాబిన్‌లోకి రానివ్వరు. సెక్యూరిటీ దగ్గర దొరికితే అక్కడే వదిలేసి రావాల్సిందే. చెకిన్ లగేజీలో మాత్రమే పెట్టాలి, అదీ ఒరలో పెట్టి, పైన గుడ్డ చుట్టి.. బ్యాగు తనిఖీ చేసేవాళ్ల చెయ్యి తెగకుండా. క్యాబిన్ బ్యాగు ఒక్కటే అనుమతించే చవక టికెట్ మీద వెళ్తుంటే అసలు కొనొద్దు, లేదా లగేజీకి ముందే డబ్బు కట్టండి. టాక్స్ రీఫండ్ అడగాలనుకుంటే సూట్‌కేసు బెల్టు మీద వేయకముందే రీఫండ్ కౌంటర్‌కి వెళ్లండి. వస్తువు చూపించమంటే అప్పటికే బ్యాగు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది మరి!

మన దేశంలో ఆయుధ నిబంధనలు 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. నాలుగంగుళాల మోరాతో ఇబ్బంది లేదు. కానీ ఉత్తరాన సామీ తెగవాళ్లు కొమ్మలు నరకడానికి వాడే పెద్ద కత్తులు కూడా సావనీర్ షాపుల్లో ఉంటాయి. అవి ఈ కొలతకు దగ్గరగా వస్తాయి, వాటి జోలికి పోకపోవడమే మంచిది. రెయిన్‌డీర్ కొమ్ము పిడి ఉన్నవి కొంటే బిల్లు మీద ఆ పేరు స్పష్టంగా రాయించుకోండి. మన దగ్గర జింక కొమ్ముల అమ్మకం నిషేధం కాబట్టి ఎవరైనా అడిగితే చూపించొచ్చు.

చివరగా.. కత్తి గిఫ్ట్‌గా ఇస్తే బంధం తెగుతుందని మన పెద్దవాళ్లు అంటుంటారు కదా? యూరప్‌లోనూ ఈ నమ్మకం ఉంది. దానికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు సింపుల్.. కత్తి తీసుకున్నవాళ్లు ఇచ్చినవాళ్ల చేతిలో ఒక నాణెం పెడతారు. అప్పుడది గిఫ్ట్ కాదు, కొనుక్కున్నట్టే లెక్క. బాబాయికో, బావగారికో తెచ్చిస్తుంటే ముందే ఒక రూపాయి బిళ్ల అడిగి తీసుకోండి!