'షీ-రా' పునర్నిర్మాణం: ప్రేక్షకుల స్పందన - ఒక పరిశీలన

పిల్లల కోసం తీసిన బొమ్మల కథను గురించి సాహిత్య విమర్శకు అంకితమైన పత్రికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కథ ఏ రూపంలో ప్రజల దగ్గరకు చేరుతున్నదో ఆ రూపాన్ని పరిశీలించడం విమర్శకుల బాధ్యత. నేడు ఎందరో పిల్లలు వీరత్వం, అందం, న్యాయం అనే మాటలకు తొలి అర్థాలను తెర మీదనే నేర్చుకుంటున్నారు. ఆ కథను చూసిన పెద్దలు ఏమన్నారు, ఎందుకన్నారు అన్నది కూడా సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ఆధారమే. అమెరికాలో 2018లో తిరిగి నిర్మించిన 'షీ-రా' విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది.

ఆ సంవత్సరం జూలైలో ఈ కొత్త ధారావాహిక తాలూకు మొదటి చిత్రాలు బయటికి వచ్చాయి. ప్రసారం మొదలైంది నవంబరు 13న. అంటే నాలుగు నెలల పాటు ప్రేక్షకుల ముందున్నవి కొన్ని బొమ్మలు, చిన్న చిన్న ప్రచార దృశ్యాలు మాత్రమే. కథ ఎవరికీ తెలియదు, పాత్ర స్వభావం తెలియదు. అయినా సామాజిక మాధ్యమాలలో పెద్ద వివాదం చెలరేగింది. కథానాయిక మగపిల్లవాడిలా వున్నదనీ, ఆకర్షణ లేదనీ, వక్షస్థలం చాలినంత లేదనీ వయసు మళ్ళిన పురుషులు కొందరు తీర్పులు చెప్పారు. వాళ్ళు తీర్పు చెబుతున్నది యౌవనంలోకి అప్పుడే అడుగు పెడుతున్న అమ్మాయి పాత్ర మీద. ఆ అమ్మాయి ఏం చేస్తుంది, ఎవరి పక్షాన నిలబడుతుంది అన్న ప్రశ్న ఆ తొలి వివాదంలో దాదాపు వినిపించనే లేదు.

ఈ కోపాన్ని అర్థం చేసుకోవాలంటే పాత కథ పుట్టుక తెలియాలి. 1982లో మాటెల్ అనే బొమ్మల కంపెనీ 'మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్' పేరుతో కండలు తిరిగిన వీరుల బొమ్మలను మార్కెట్టులోకి దించింది. మరుసటి సంవత్సరం ఫిల్మేషన్ అనే సంస్థ ఆ బొమ్మల ఆధారంగానే 'హీ-మ్యాన్' ధారావాహికను తీసింది. అంటే ఇక్కడ బొమ్మ ముందు, కథ తరువాత. 1969లో ఇదే మాటెల్ వారి బొమ్మ కార్ల పేరుతో 'హాట్ వీల్స్' అనే కార్టూన్ వచ్చినప్పుడు, అది కార్యక్రమమా, వ్యాపార ప్రకటనా అని ఫిర్యాదు వచ్చింది. అమెరికా ప్రభుత్వ సమాచార ప్రసార కమిషన్ కూడా ఆ అభ్యంతరాన్ని పట్టించుకున్నది. రీగన్ హయాం వచ్చేసరికి ఆ పట్టింపు సడలింది. 1984లో పిల్లల కార్యక్రమాలలో ప్రకటనల నిడివిపై వున్న పరిమితులను కమిషన్ ఎత్తివేసింది. బొమ్మల కంపెనీలకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

మగపిల్లలకు హీ-మ్యాన్‌ను అమ్మిన తరువాత ఆడపిల్లల వంతు వచ్చింది. 1985లో హీ-మ్యాన్ కవల సోదరిగా షీ-రా అవతరించింది. కథ 93 భాగాలు నడిచింది. దుకాణంలో షీ-రా బొమ్మతో పాటు ఆమె జుట్టు దువ్వుకోవడానికి దువ్వెన కూడా ఇచ్చారు. కథలో రాకుమార్తెలు ఎందరున్నా అందరి దేహాలూ ఒకే కొలతలో వుండేవి. జుట్టు రంగు, దుస్తులు, నగలు మాత్రం మారేవి. ఇందుకు కారణం సౌందర్య దృష్టి ఒక్కటే కాదు. ఒకే అచ్చులో పోసిన బొమ్మకు వేరువేరు రంగులు వేస్తే ఉత్పత్తి ఖర్చు తగ్గుతుంది. తెర మీద కూడా అంతే: ఒకసారి గీసిన కదలికలనే మళ్ళీ మళ్ళీ వాడి ఫిల్మేషన్ వారు ఖర్చు తగ్గించుకునేవారు. ఆ విధంగా అచ్చు నిర్ణయించిన కొలతే ఒక తరానికి స్త్రీ సౌందర్యంగా అలవాటైపోయింది.

అయితే పాత షీ-రా ఉత్త ప్రకటన అని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. అడోరా అనే ఆ అమ్మాయిని పసితనంలోనే దురాక్రమణదారులు ఎత్తుకుపోయి తమ సైన్యంలో పెంచారు. నిజం తెలిసిన తరువాత ఆమె ఆ సైన్యాన్ని వదిలి తిరుగుబాటుదారులలో చేరింది. ఒక స్త్రీ తిరుగుబాటుకు నాయకత్వం వహించడం, రక్షించబడే స్థానం నుంచి రక్షించే స్థానానికి రావడం ఆనాటి ఆడపిల్లలకు కొత్త అనుభవం. అమ్మేవాడి ఉద్దేశం ఒకటి, కొనుక్కున్న పిల్ల దానితో అల్లుకున్న ఊహ వేరొకటి. సరుకుగా తయారైన కథలో కూడా మనిషి తనకు కావలసిన ధైర్యాన్ని వెతుక్కుంటాడు. ఈ రెండు సత్యాలనూ కలిపి చూడలేని విమర్శ ఒంటి కంటి విమర్శ.

2018లో కథను మళ్ళీ చెప్పే పని ఎన్.డి. స్టీవెన్‌సన్ చేతికి వచ్చింది. పుట్టింది 1991లో, పాత ధారావాహిక ప్రసారం ముగిసి అప్పటికి కొన్నేళ్ళయింది. 'నిమోనా' అనే బొమ్మల కథతో అప్పటికే పేరు తెచ్చుకున్న రచయిత ఈ స్టీవెన్‌సన్. డ్రీమ్‌వర్క్స్ నిర్మించగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ కొత్త కథ అయిదు విడతలలో, 52 భాగాలుగా సాగి 2020 మే 15న ముగిసింది. ఇందులో అచ్చు పగిలింది. గ్లిమ్మర్ బొద్దుగా వుంటుంది. స్కార్పియా భారీ మనిషి. బో అనే విలుకాడు నల్లజాతి యువకుడు, అతన్ని పెంచినది ఇద్దరు తండ్రులు. షీ-రా పొట్టి గౌను కింద నిక్కరు తొడుక్కున్నది. యుద్ధం చేసే మనిషికి అది వుండవలసిన దుస్తు అన్న చిన్న ఇంగితం తెర మీదికి రావడానికి ముప్పై మూడేళ్ళు పట్టింది.

ఇక ప్రేక్షకుల స్పందనను మూడు రకాలుగా విభజించుకోవచ్చు.

మొదటిది కోపం. ఈ వర్గం వారు తరచుగా చెప్పిన మాట - మా బాల్యాన్ని పాడు చేశారు అని. ఈ వాదంలో బలమెంత? 1985 నాటి కథ ఎక్కడికీ పోలేదు. కావాలనుకున్న వారికి ఆ 93 భాగాలూ ఇప్పటికీ వున్నాయి. పోయినది కథ కాదు. ఆ కథ తమ చూపు కోసమే వున్నదన్న ధీమా. చిన్ననాడు చూసిన దాని మీద మమకారం సహజమే. మన దేశంలో కూడా దూరదర్శన్‌లో హీ-మ్యాన్ చూసిన తరం ఒకటున్నది, వారికి ఆ మమకారం తెలుసు. కాని మమకారం వేరు, హక్కు వేరు. పిల్లల కోసం తీసిన కథలో ఆడపిల్ల దేహం తమ కంటికి ఇంపుగా వుండాలని నలభై ఏళ్ళ మగవాడు కోరడం మమకారం కిందికి రాదు. అది యాజమాన్య భావం. బాల్యం అనే పవిత్రమైన మాటను దాని మీద కప్పడం వల్ల అది మరొకటి అయిపోదు.

ఇక్కడ ఒక విషాదం కూడా వున్నది. వారు తమ బాల్యంగా భావించి కాపాడుకుంటున్నది ఒక కంపెనీ అమ్మకాల పథకం. అచ్చు ఖర్చు తగ్గించుకోవడానికి ఏర్పడిన కొలతను వారు శాశ్వత సౌందర్యమని నమ్మారు. వ్యాపారం తన అవసరాన్ని మనిషి జ్ఞాపకంగా ఎలా మారుస్తుందో చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

రెండవది ఆదరణ. నిందలు మొదలైన వెంటనే ఎందరో యువ చిత్రకారులు, ముఖ్యంగా స్త్రీలు, కొత్త షీ-రా బొమ్మను తమ తమ శైలులలో గీసి సామాజిక మాధ్యమాలలో పెట్టారు. వాదానికి వాదంతో కాక కుంచెతో జవాబు చెప్పారు. ప్రసారం మొదలయిన తరువాత తమలాంటి దేహం, తమలాంటి రంగు, తమలాంటి ప్రేమ తెర మీద కనిపించిందని సంతోషించిన వారు అనేకులు. ఈ సంతోషాన్ని తేలికగా తీసుకోకూడదు. తన రూపం ఎన్నడూ ఏ కథలోనూ నవ్వులాటకు తప్ప కనిపించని మనిషికి మాత్రమే దాని విలువ తెలుస్తుంది.

అయితే ఆదరణలో కూడా ఒక ప్రమాదం పొంచి వున్నది. ఎన్ని రకాల దేహాలు, ఎన్ని రంగులు, ఎన్ని గుర్తింపులు అని లెక్క వేసి అంతటితో కథను మెచ్చుకోవడం ఆ ప్రమాదం. వైవిధ్యాన్ని కూడా మార్కెట్టు ఒక సరుకుగా మార్చుకోగలదు. పాత షీ-రాను తీసిన ఫిల్మేషన్ సంస్థ, తన పోటీదారులు అనేకులు పనిని విదేశాలకు పంపుతున్న రోజుల్లో, బొమ్మలు గీసే పనిని ప్రధానంగా అమెరికాలోనే వుంచుకున్నదని పేరు. 1989లో అది మూతపడింది. కొత్త షీ-రా కథ అమెరికాలో రాయగా, బొమ్మలకు కదలిక నిచ్చింది దక్షిణ కొరియాలోని చిత్రకారులు. తెర మీది ప్రాతినిధ్యం గురించి అంత చర్చ జరిగినప్పుడు, తెర వెనుక వంగి కూర్చుని గీసిన ఆ చేతుల గురించి చర్చ దాదాపు లేకపోవడం గమనించదగిన విషయం.

మూడవది నిజమైన విమర్శ. దీనిని మొదటి దానితో కలిపి చూడడం అన్యాయం. కథను చూసి, ప్రేమించి, ప్రశ్నించిన వారు వీరు. వారి ప్రశ్నలలో ముఖ్యమైనది కాట్రా పాత్రను గురించి. అడోరా, కాట్రా శత్రు శిబిరంలో కలిసి పెరిగిన స్నేహితురాళ్ళు. వారిని పెంచిన షాడో వీవర్ ఒకరిని పొగుడుతూ, మరొకరిని హింసిస్తూ వచ్చింది. అడోరా శిబిరాన్ని వదిలి వెళ్ళినప్పుడు కాట్రాకు అది న్యాయం వైపు ప్రయాణంగా కనిపించదు. తనను వదిలేసి పోయినట్టు కనిపిస్తుంది. ఆ గాయం పగగా మారి, చివరకు లోకాన్నే నాశనం అంచుకు తీసుకుపోతుంది. అటువంటి కాట్రాను కథ చివర క్షమించి, ఇద్దరి మధ్య ప్రేమను ప్రకటింపజేయడం సమంజసమేనా? ఆమె వల్ల నష్టపోయిన వారి మాట ఏమిటి? పసితనంలో పడిన దెబ్బ తరువాతి క్రూరత్వానికి కారణం కావచ్చు, సమర్థన కాగలదా? ఇవి బాధ్యత గల ప్రేక్షకులు వేసిన ప్రశ్నలు. నా ఉద్దేశంలో చివరి విడత ఈ మార్పును కొంత వేగంగా ముగించింది. అయినా శిక్షతో ముగించక, తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెట్టి మారడానికి దారి చూపడం పిల్లల కథకు తగిన పనే.

అభిమానులు రచయితలను కూడా వదలలేదు. 2020 ఆగస్టులో ఒక ప్రత్యక్ష ప్రసారంలో, నల్లజాతి పాత్ర అయిన బో తోబుట్టువు గురించి పొలం పనిని ముడిపెట్టి రచనా బృందం ఒక హాస్యం ఆడింది. బానిసత్వ చరిత్ర వున్న దేశంలో అది హాస్యం కాదని ప్రేక్షకులు ఎత్తి చూపారు. స్టీవెన్‌సన్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. మంచి పని చేసిన వారి తప్పును కూడా తప్పు అనగలిగిన ప్రేక్షకులు వుండడం ఏ కళకైనా ఆరోగ్యం.

ఈ గొడవలన్నిటి మధ్య చాలినంత చర్చకు రాని ఘట్టం ఒకటి వున్నది. నాలుగవ విడత చివర అడోరాకు తన కత్తి నిజస్వరూపం తెలుస్తుంది. పూర్వులు ఆ లోకం మొత్తాన్ని ఒక మారణాయుధంగా మార్చి పెట్టారు. ఆ ఆయుధాన్ని పేల్చడానికి షీ-రా, ఆమె కత్తి కేవలం సాధనాలు. అప్పుడామె ఆ కత్తిని విరిచివేస్తుంది. తనకు బలమిచ్చిన వస్తువునే, అది ఎవరి ప్రయోజనం కోసం తయారైందో తెలిసిన తరువాత కాదనుకుంటుంది. చివరి విడతలో ఆమె శక్తి కత్తి లేకుండానే ఆమెలోంచి పుట్టుకు వస్తుంది. బొమ్మ కత్తులు అమ్మడానికి పుట్టిన కథ ఇది! ఆ కథలోనే కథానాయిక కత్తి విరవడం ఎంత గొప్ప తిరుగుబాటో ఆలోచించండి. కొత్త షీ-రా ప్రగతిశీలత నిక్కరులోనూ లేదు, నడుము కొలతలోనూ లేదు. ఈ ఘట్టంలో వున్నది.

అయితే ఈ స్వేచ్ఛకు కూడా హద్దులున్నాయి. ఇద్దరు అమ్మాయిల ప్రేమతో కథ ముగించడానికి నిర్మాణ సంస్థ నుంచి అనుమతి పొందడానికి చాలా ప్రయత్నం చేయవలసి వచ్చిందని రచయిత తరువాత చెప్పారు. ఎడోరా, కాట్రాల ప్రేమ కథకు అంత సహజమైన ముగింపు అయినా, అది కలం నిర్ణయంతో జరగలేదు, పెట్టుబడి సమ్మతితో జరిగింది.

ఇటువంటి కోపం షీ-రాతో ఆగలేదు. 2019లో 'కెప్టెన్ మార్వెల్' సినిమా విడుదలకు ముందే దాని మీద వ్యతిరేక వ్యాఖ్యలు కుప్పలుగా పడ్డాయి. ఆ రోజుల్లోనే రాటెన్ టొమాటోస్ అనే సమీక్షల సంస్థ, సినిమా విడుదల కాకముందే ప్రేక్షకులు వ్యాఖ్యలు పెట్టే ఏర్పాటును తొలగించింది. 2021 జూలైలో హీ-మ్యాన్ కథను పెద్దల కోసం తిరిగి తీసినప్పుడు, అందులో టీలా అనే స్త్రీ పాత్రకు ప్రాధాన్యం ఇచ్చారని మళ్ళీ అదే గోల. విమర్శకుల మాటకూ ప్రేక్షకుల మార్కులకూ మధ్య పెద్ద అగాధం ఏర్పడింది. చూడకుండా వేసిన మార్కు అభిప్రాయం కాదు, నిషేధానికి చేసిన ప్రయత్నం.

కనుక ప్రేక్షకుల స్పందన అన్నంత మాత్రాన దానిని ప్రజాభిప్రాయమని తలకెత్తుకోనక్కరలేదు, మూర్ఖత్వమని తోసివేయనూ అక్కరలేదు. ఎవరు మాట్లాడుతున్నారు, చూసి మాట్లాడుతున్నారా, కథానాయిక రూపం గురించి మాట్లాడుతున్నారా, ఆమె చేసిన పని గురించా అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలు ఏ భాషలో, ఏ కథానాయిక విషయంలోనైనా పనికి వస్తాయి.

ఈ వివాదమంతటిలో అతి తక్కువగా వినిపించిన గొంతు పిల్లలది. వాళ్ళు వ్యాసాలు రాయరు, మార్కులు వేయరు. కర్ర పుల్ల ఒకటి చేత పట్టుకుని ఆడుకుంటారు. ఆ ఆటలో రేపు ఏ ఆడపిల్లయినా, చేతిలోని పుల్లను విరిచి పారేసి, అది లేకపోయినా నేను నేనే అని నిలబడితే, కథ చేరవలసిన చోటికి చేరినట్టే.