బొమ్మలు గీస్తే ఏమవుతారు?

మన తాకేటా బడిలో ఒక పాప తెలుగు నోటుబుక్కు అంచులన్నీ బొమ్మలతో నింపేసింది. "బొమ్మలు కూడు పెడతాయా మాస్టారూ?" అన్నారు వాళ్ళ నాన్నగారు. ఇంజనీరింగు చదివిన నాకు వెంటనే జవాబు తోచలేదు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ గారు హైదరాబాదులో చిత్రకళ చదివి, 1963లో బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నారు. ఆయనకు పేరు తెచ్చినవి అచ్చుబొమ్మలు. లోహపు రేకుకి మైనంలాంటి పూత పూసి, సూదితో గీస్తారు. ఆమ్లంలో ముంచితే గీసినచోట మాత్రమే రేకు కరుగుతుంది. ఆ గీతల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ పడుతుంది. (పిల్లలూ, ఆమ్లం జోలికి పోవద్దు! బంగాళాదుంప ముక్కతో అచ్చులు వేసుకోండి.) ఆయన బొమ్మల్లో మేకలు, చెట్లు, పల్లె మనుషులే ఎక్కువ.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1988లో సరోజినీ నాయుడు స్కూలు మొదలైంది. అక్కడ ఆయన చిత్రకళ బోధించారు, డీన్‌గా ఆ స్కూలును నడిపించారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

మన రంగూన్‌లోనూ 1993లో పెట్టిన సంస్కృతి విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం డిగ్రీ ఉంది. ఇండియాలో ఇలాంటి చదువులకు చాలాచోట్ల బొమ్మ వేయించి చూశాకే సీటు ఇస్తారు. అందుకే ఆ నోటుబుక్కు పారేయకండని పాప నాన్నగారికి చెప్పాను.