రంపం గొంతు విప్పితే

అమెరికాలో పొయ్యి కట్టెలు కోసుకునేవాళ్లలో, అడవుల్లో చెట్లు కొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లలో చాలామందికి కొత్త చైన్‌సా చేతికి రాగానే దాని సైలెన్సర్ మీద కన్ను పడుతుంది. దాన్ని విప్పి, లోపలి అడ్డురేకు కోసేసి, లేదా పొగ బయటికొచ్చే కంతను పెద్దది చేసి మళ్లీ బిగిస్తారు. రంపానికి బలం పెరుగుతుందని, పైగా ఇంజన్ చల్లగా నడుస్తుందని చెబుతారు. బలం సంగతి తేలిగ్గానే ఒప్పుకోవచ్చు. తికమక పెట్టేది చల్లదనమే. ఎక్కువ పని చేసే ఇంజన్ ఎక్కువ పెట్రోలు కాలుస్తుంది, ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అలాంటిది చల్లబడేదెలా? నా లెక్కలో వాళ్లు చూసింది నిజమే, కానీ ఆ ఘనత దక్కాల్సింది వేరొకదానికి. చల్లదనంలో పెద్ద వాటా సైలెన్సర్‌కు పెట్టిన కంతది కాదు, కంత పెట్టాక కార్బురేటర్ మీద తిప్పే చిన్న స్క్రూది. ఆ స్క్రూ ముట్టుకోకుండా కంత మాత్రం పెట్టి ఊరుకుంటే ఇంజన్ చల్లబడటం అటుంచి, పిస్టనే పాడవుతుంది.

ఆ సైలెన్సర్ డబ్బా అంత ఇరుకుగా ఎందుకుందో తెలియాలంటే యంత్రం పుట్టుక దాకా వెళ్లాలి. గొలుసుకు పళ్లు పెట్టి కోయాలన్న ఆలోచన వడ్రంగులది కాదు, వైద్యులది. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ వైద్యులు జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ ఎముకలు కోయడానికి చేత్తో లాగే సన్నని గొలుసు రంపం వాడారు. అది చెట్ల దగ్గరికి చేరింది 20వ శతాబ్దంలో. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1929లో తెచ్చిన పెట్రోలు రంపం 46 కిలోలు, ఇద్దరు పట్టుకుంటే తప్ప లేచేది కాదు. ఆయన కంపెనీ 1959లో తెచ్చిన కాంట్రా సుమారు 12 కిలోలు, ఒక్క మనిషి భుజాన వేసుకుని అడవిలోకి నడిచిపోవచ్చు. రంపం ఇంత తేలిగ్గా ఉండటంలో టూ స్ట్రోక్ ఇంజన్‌ది పెద్ద పాత్ర. దానికి వాల్వులు లేవు, ఆయిల్ తొట్టి లేదు. ఆయిల్ పెట్రోల్లోనే కలిసి వస్తుంది. ఎటు వంచినా పనిచేసే డయాఫ్రమ్ కార్బురేటర్ తోడయ్యాక రంపాన్ని తలకిందులు చేసి కూడా కోయగలిగారు. అయితే బరువుతో పాటు చోటూ తగ్గింది. పొగకు మిగిలింది సిలిండర్‌కు ఆనించి బిగించిన పిడికిలంత డబ్బా. చప్పుడు తగ్గించడం, నిప్పురవ్వలు ఆపడం, తర్వాతి కాలంలో కాలుష్య నిబంధనలకు లోబడటం, ఈ బరువులన్నీ ఒకదాని మీద ఒకటి ఆ డబ్బా నెత్తినే పడ్డాయి.

ఇప్పుడు ఆ డబ్బా ముందు ఇంజన్ ఎంత హడావుడి పడుతుందో చూడాలి. నిమిషానికి 12,000 చుట్లంటే సెకనుకు 200. ఒక్కో చుట్టుకు దక్కేది సెకనులో వెయ్యో వంతులు అయిదు. ఆ అయిదులో పొగ ద్వారం తెరిచి ఉండేది రెండుంపావు వంతులకు కాస్త అటూ ఇటూ. ఆ రెప్పపాటులోనే పాత పొగ బయటికి పోవాలి, కింద క్రాంక్ కేసులోంచి కొత్త మిశ్రమం పైకి ఎక్కాలి. పొగను నెట్టడానికి వేరే పిస్టన్ కదలిక లేదు. వచ్చే మిశ్రమమే పోయే పొగను తోస్తుంది. బయట దారి ఇరుకైతే కొంత పొగ లోపలే మిగిలిపోతుంది. అది కాలదు, కానీ వేడిగా ఉంటుంది, పైగా కొత్త మిశ్రమం చోటును ఆక్రమిస్తుంది. దారి వెడల్పు చేస్తే ఈ మిగులు తగ్గుతుంది, పిస్టన్ అడుగును తాకుతూ వచ్చే చల్లని మిశ్రమం పెరుగుతుంది. కోతలో రంపం చుట్లు పడిపోకుండా నిలబడితే, ఫ్లైవీల్ రెక్కలు సిలిండర్ మీదికి ఊదే గాలీ పెరుగుతుంది. కంత వల్ల నిజంగా దక్కే చల్లదనం ఇంతవరకే. ఇది అబద్ధం కాదు, కానీ పెరిగిన వేడికి ఇది సరిపోతుందని నేననుకోను.

అసలు లెక్క గాలికీ పెట్రోలుకూ మధ్య ఉంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఎక్కువ బలం వచ్చేది మాత్రం అంతకంటే పెట్రోలు కాస్త ఎక్కువైన చోట, గాలి పన్నెండున్నర, పదమూడు గ్రాముల దగ్గర. ఇంకా పెట్రోలు పెంచితే బలం కొద్దిగా తగ్గుతూ మంట వేడి కూడా దిగుతుంది. ఎండాకాలం కుండ చెమర్చి నీళ్లు చల్లబడినట్టే, ఆవిరయ్యే పెట్రోలు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. దాంతోపాటు వచ్చే ఆయిల్ పిస్టన్‌కు జారుడునిస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన రంపంలో ఈ నిష్పత్తి ఇరుకు డబ్బాకు తగ్గట్టు, కాలుష్య పరిమితులకు లోబడి, పెట్రోలు తక్కువ వైపే ఉంటుంది. స్క్రూ మరీ తిరక్కుండా ప్లాస్టిక్ టోపీలు కూడా తొడుగుతారు. ఈ స్థితిలో డబ్బాకు కంత పెడితే పెరిగిన గాలికి తగ్గ పెట్రోలు అందక మిశ్రమం ఇంకా పలచబడుతుంది. రంపం కీచుమంటూ ఇంకా రేజ్ అవుతుంది, వినేవాడికి బలం పెరిగినట్టే ఉంటుంది. లోపల మాత్రం వేడి పెరుగుతూ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. హెచ్ అని రాసి ఉండే స్క్రూను కొంచెం వెనక్కి విప్పడంతోనే చల్లబడటం మొదలవుతుంది.

దీనికి సాక్ష్యం దూరాన ఎక్కడో లేదు. సైలెన్సర్ పట్టి ఉంచే రెండు మూడు బోల్టులు విప్పితే పొగ ద్వారంలోంచి పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది. మంచి పిస్టన్ మీద తయారీలో పడ్డ సన్నని అడ్డగీతలు చెరగకుండా ఉంటాయి. పెట్రోలు చాలక నడిచిన పిస్టన్ మీద నిలువు గాట్లు ఉంటాయి, గోటితో రాస్తే తగులుతాయి. కొన్నిచోట్ల కరిగిన అల్యూమినియం సిలిండర్ గోడకు అతుక్కుని ఉంటుంది. గాట్లు ఎక్కువగా పొగ ద్వారం వైపే పడతాయి, కొత్త మిశ్రమం వచ్చే వైపు పిస్టన్ శుభ్రంగా ఉంటుంది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. దాని గట్టిదనం సడలడం అందులో సగం వేడి లోపే మొదలవుతుంది. ఇంజన్ పట్టేయడం అనే మాటకు అర్థం ఆ గాట్లలో చూడొచ్చు. స్పార్క్ ప్లగ్ కూడా అదే కథ చెబుతుంది: తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదు, తడి మసి పడితే ఎక్కువైంది, లేత గోధుమ రంగుంటే సరిగ్గా ఉంది.

టూ స్ట్రోక్‌కు పొగ దారిలో కొంత ఎదురు ఒత్తిడి ఉండాలి, పూర్తిగా విప్పితే బలం పోతుందని ఒక అభ్యంతరం ఉంది. ఇందులో సగం నిజముంది. టూ స్ట్రోక్‌కు మేలు చేసేది అడ్డంకి కాదు, సరైన క్షణంలో తిరిగొచ్చే ఒత్తిడి అల. 1950లలో తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ రేసు బళ్ల మీద వాల్టర్ కాడెన్ ఈ అలను లొంగదీశాడు. మధ్యలో ఉబ్బి చివర సన్నబడే గొట్టం, బయటికి జారిపోబోయే తాజా మిశ్రమాన్ని ద్వారం మూసుకునే ముందు సిలిండర్లోకి తిరిగి తోస్తుంది. 1961లో ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పడమటికి పారిపోయి సుజుకీలో చేరినప్పుడు ఆ విద్య జపాన్‌కూ చేరింది. మన రోడ్ల మీద యమహా ఆర్ఎక్స్ 100 సైలెన్సర్‌ది ఆ కుటుంబమే. కానీ రంపానికి అంత పొడుగు గొట్టం కట్టే చోటు లేదు. పోటీల్లో వాడే ప్రత్యేక రంపాలకు తప్ప ఎవరూ కట్టరు. మామూలు రంపానిది వట్టి డబ్బా, అల ఇచ్చే సాయం అందులో స్వల్పం. కనుక కొంత విప్పితే నష్టం లేదు. అలాగని గోడంతా కోసేయడమూ తప్పే. బయటి కంతల వైశాల్యం పొగ ద్వారం వైశాల్యంలో 80 శాతం మించనీయవద్దన్నది అనుభవజ్ఞులు పాటించే కొలత. ఆ పైన పెరిగేది చప్పుడే.

కంపెనీ ఇంజనీర్లకు ఇది తెలియదా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. తెలుసు. వాళ్లు ఒక్క రంపం బలం కోసమే లెక్క వేయరు. పాతరకం టూ స్ట్రోక్‌లో పోసిన పెట్రోల్లో దాదాపు నాలుగో వంతు కాలకుండానే పొగతో పోయేది. అమెరికాలో చిన్న ఇంజన్ల మీద 1997 నుంచి కాలుష్య పరిమితులు పెట్టింది అందుకే. ఆ ఏర్పాట్లను చెడగొట్టడం అక్కడ చట్టవిరుద్ధం. పొగ దారిలో నిప్పురవ్వలు ఆపే జాలీ కంతలు 0.6 మిల్లీమీటర్లకు మించవు, ఎందుకంటే మండే మసి రేణువు ఒక్కటి ఎండుటాకుల్లో పడితే అడవి అంటుకుంటుంది. పైన చెప్పిన చల్లదనంలో పెద్ద వాటా కాలని పెట్రోలు కొంత ఎక్కువగా బయటికి వదిలి కొనుక్కున్నదేనని ఒప్పుకోవాలి. ఆ పొగ పీల్చేది ముందు రంపం పట్టుకున్నవాడే, చెవులు పోయేదీ అతనికే. మన నగరాల్లో బైకుల సైలెన్సర్లు మార్పించినవాళ్ల దగ్గర పోలీసులు వాటిని పీకించి రోడ్ రోలర్‌తో తొక్కించారు. అడవిలో ఆ కాపలా ఉండదు, అందుకే జాలీ మాత్రం తీయకూడదని గట్టిగా అంటాను. బలం తగ్గిందనుకునే ముందు ఆ జాలీని ఒకసారి విప్పి చూడాలి. మసితో పూడుకున్న జాలీని తోమి పెడితే, డబ్బా కోయకుండానే పోయిన బలం చాలాసార్లు తిరిగొస్తుంది.

ఈమధ్య వచ్చే రంపాలు ఈ తగువును తామే కొంత తీర్చుకుంటున్నాయి. కొన్నింట్లో మిశ్రమానికి ముందు వట్టి గాలి దూరి పొగను తోస్తుంది, కాబట్టి జారిపోయేది గాలే, పెట్రోలు కాదు. కొన్నింట్లో కార్బురేటర్ పాళ్లను ఎలక్ట్రానిక్స్ సరిచేస్తుంది. వాటి డబ్బా కోసి దక్కించుకునేది కొంచెమే. పాతరకం రంపాలకు మాత్రం థర్మామీటర్ చెవే. రంపాన్ని గాల్లో ఎత్తి పూర్తిగా రేజ్ చేస్తే శబ్దం కాస్త తెగుతూ గరగరమనాలి, అంటే పెట్రోలు మిగులు ఉంది. గొలుసు దుంగలో దిగి లోడు పడగానే ఆ గరగర పోయి నున్నటి హోరు కావాలి, పైకి తీయగానే మళ్లీ రావాలి. దుంగలో కూడా గరగర పోకపోతే స్క్రూ కొంచెం బిగించాలి. గాల్లో ఎత్తినా తెగకుండా సన్నగా కీచుమంటూనే ఉంటే వెంటనే ఆపేసి, స్క్రూ విప్పాకే మళ్లీ తాడు లాగాలి.