తీరమునకు కావలి

వరోరాలో కూర్చుండి సముద్రమును గూర్చి వ్రాయుట కొందరికి విపరీతముగ తోపవచ్చును. చంద్రపూరు జిల్లాలోని యీ పట్టణమునకు తూర్పు సముద్రమును దూరమే, పడమటి సముద్రమును దూరమే. ఇచ్చట నేల నల్లరేగడి. దాని క్రింద బొగ్గు. అయినను రాజధానిలో ఉద్యోగములు, వృత్తులు చేసికొనుచున్న మన తెలుగువారికి ఈ యూరి పేరు బొత్తిగా క్రొత్త కాదు. ఢిల్లీలో రైలెక్కి స్వస్థలములకు పోవువారు వార్ధా దాటిన పిమ్మట వరోరా, చంద్రపూరు, బల్లార్షాల మీదుగనే కాజీపేట, బెజవాడ చేరుదురు. బల్లార్షా-కాజీపేట మార్గము 1929లో పూర్తియైన నాటినుండి ఉత్తరదేశమునకును ఆంధ్రదేశమునకును ఇది రాజమార్గము. ఆ దారిన సముద్రమును చూడబోయి, అచ్చట నీటికంటె చెట్లనే యెక్కువగ చూచి వచ్చిన యొక న్యాయవాది చేయు విన్నపము ఇది.

ఆ చెట్లకును ఇనుపదారికిని పూర్వసంబంధము కలదు. వరోరాలో ప్రభుత్వము 1870 దశకమున బొగ్గుగని త్రవ్వించినది. ఆ బొగ్గుకొరకే వార్ధానుండి ఇచ్చటికి రైలుదారి వేసిరి. 1906లో గని మూతపడినది. ఇంచుమించు ఆ గని పుట్టిన కాలముననే, బొగ్గు సులభముగ దొరకని దక్షిణమున రైలింజనులకు కట్టె కావలసివచ్చి, సముద్రతీరపు టిసుకలలో సరుగుడు చెట్లను విరివిగ నాటింపసాగిరి. రైలు ఇచ్చట భూగర్భమును త్రవ్వించినది. అచ్చట ఇసుకమీద అడవిని మొలిపించినది. ఇంజనులు కట్టెను మరచి యెన్నియో యేండ్లయినది గాని, చెట్టు మాత్రము మన తీరమును విడువలేదు.

గడచిన కార్తికమాసమున మేము కుటుంబముతో బాపట్ల పోయి, అచ్చటికి తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్న సూర్యలంకకు వెళ్లితిమి. పున్నమినాటి సముద్రస్నానమునకు ఆ తీరము ప్రసిద్ధము. బండి దిగి నడచుచుండగా మా చిన్నవాడు, "సముద్రం వినబడుతోంది!" అని పరుగెత్తబోయెను. నిలిచి వింటిమి. అది సముద్రము కాదు. సరుగుడు తోపులో గాలి. రెండు హోరులకును భేదము తెలియుటకు మరికొంత దూరము నడువవలసివచ్చినది.

తోపులో రాలిన ఆకు పరుపువలె పరచుకొని యున్నది. దానిని పోగుచేయుచున్న యొక వృద్ధుడు మమ్ము చూచి నవ్వెను. "చెట్లు చూట్టానికి వచ్చారా బాబూ? వచ్చినోళ్లంతా నీళ్లే చూసి పోతారు" అనెను. ఇచ్చటి చెట్లు ఏనాటివని అడిగితిని. "నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఇన్ని లేవు బాబూ. డెబ్భైయేడు ఉప్పెననాడు మా ఇళ్లకీ సముద్రానికీ నడుమ ఉత్త ఇసుకే. గాలికి అడ్డమే లేదు" అని, మరి మాటలాడక పనిలో పడెను.

ఆ డెబ్భైయేడు మన జిల్లాలవారు మరువరానిది. 1977 నవంబరు 19వ తేదీన తుపాను చీరాల సమీపమున తీరము దాటినది. ఉత్తరార్ధగోళమున తుపానుగాలి అపసవ్యముగ తిరుగును. కావున మన తూర్పుతీరమున తుపాను కన్నునకు కుడివైపున గాలి సముద్రమును భూమిమీదికి నెట్టును. ఎడమవైపున భూమినుండి సముద్రమునకు వీచును. ఆ కుడివైపున నుండినది దివిసీమ. కృష్ణాముఖద్వారపు పల్లపు నేలమీద అయిదు మీటర్లకు తక్కువ కాని యెత్తున నీరు వచ్చిపడినది. ప్రభుత్వపు లెక్కప్రకారమే ఆనాడు మరణించినవారు పదివేలమంది. ఆ పిమ్మటనే అటవీశాఖవారు తీరము పొడవున రక్షకవనములను పెంచుటకు గట్టిగ పూనుకొనిరి. సరుగుడునే యేల యెన్నుకొనిరనగా, అది ఉప్పుగాలిని ఓర్చును. దాని వేళ్లనంటిన సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టియిచ్చుటచే ఉత్త ఇసుకలోను వేగముగ నెదుగును.

ఇట్టి దృశ్యమునే నేను అంతకు పూర్వము వేరొక ఖండమున చూచియుంటిని. పనిమీద ఫ్రాన్సుదేశపు బోర్డో నగరమునకు పోయినపుడు ఒక దినము తీరిక చేసికొని అట్లాంటికు తీరమునకు వెళ్లితిని. నగరము దాటినది మొదలు సముద్రమువరకు దారికిరువైపుల పైను చెట్లే. మన ప్రాచీనులు సరళవృక్షమనిన జాతికి చెందినవి. ఎండకు జిగురువాసన గుప్పుమనుచుండెను. అడవి ముగిసినచోట ఎత్తైన ఇసుకదిబ్బ. దిబ్బనెక్కినంతనే కనుచూపుమేర తెల్లని ఇసుక, ఒకదాని వెనుక నొకటిగ విరుగు పెద్ద తరగలు. యువకులు పలకలమీద నిలిచి ఆ తరగలపై జారుచుండిరి. ఈతగాండ్రకు మాత్రము రెండు జెండాల నడుమనే యనుమతి. ఒడ్డున విరిగిన నీరు మరలిపోవుటకు ఇసుకతిన్నెను కోసికొని కాలువ చేసికొనును. దానిలో చిక్కినవానిని అది లోపలికి లాగికొనిపోవును. ఎదురీదినవాడు అలసి మునుగును. ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈదినవాడు బయటపడును. మన బంగాళాఖాతపు తీరమునను ఇట్టి లాగుడునీరు కలదు. అచ్చట దానిని ప్రతి బాలునకు నేర్పుదురు. మనవారికి నేర్పువారు లేరు.

లాంద్ అనబడు ఆ ప్రాంతపు అడవి దాదాపు పదిలక్షల హెక్టార్లు. చూచినవారు ప్రకృతిదత్తమనుకొందురు, దానిలో అత్యధికభాగము మానవుడు నాటినదే. పూర్వము అచ్చట సముద్రపుగాలికి ఇసుకదిబ్బలు కదలి లోపలికి నడచుచుండెడివి. సులాక్ గ్రామమున ప్రాచీనమైన చర్చి పదునెనిమిదవ శతాబ్దమున ఇసుకలో మునిగిపోగా, పందొమ్మిదవ శతాబ్దమున త్రవ్వి వెలికితీసిరి. దిబ్బల వెనుకనున్నది బురదనేల. కాపరులు పొయ్యికాళ్లమీద నడచుచు గొఱ్ఱెలను మేపుచుండిరి. 1787 ప్రాంతమున బ్రెమోంతియే అను ఇంజనీరు, తనకు ముందువారి ప్రయత్నములను గ్రహించి, ఇసుకను నిలుపు పద్ధతిని స్థిరపరచెను. మొదట తీరమున పలకలకంచె నిలిపి, ఇసుక దాని చెంత పేరుకొని దిబ్బ యగునట్లు చేయుట; ఆ దిబ్బమీద గడ్డి పెంచుట; దాని వెనుక పైను విత్తనములు చల్లి, అవి కొట్టుకొనిపోకుండ కొమ్మలు కప్పుట. 1857లో చట్టమొకటి వచ్చి బురదనేలలను ఆరబెట్టి చెట్లు నాటవలెనని గ్రామములను నిర్బంధించినది. దానిచే ఉమ్మడిబీళ్లు అమ్ముడుపోయి కాపరుల బ్రదుకు చెడినది. ఆ విషయమును న్యాయవాదియైనవాడు మరువరాదు. అడవి యెంత మేలైనదైనను, ఎవరి నేలమీద, ఎవరి ఖర్చున నాటితిమన్న ప్రశ్న నిలిచియే యుండును.

ఈ రెండు తీరములను కన్నులార చూచిన పిమ్మట నాకు కలిగిన తలంపులు మూడు.

మొదటిది: చెట్టే సర్వరక్షకము కాదు. అయిదు మీటర్ల ఉప్పెనను సరుగుడు తోపు ఆపజాలదు. గాలితాకుడును, ఎగురు ఇసుకను, అలల వేగమును కొంత తగ్గించును. ఒకేజాతి వృక్షములకు అపాయమును కలదు: 2022 జులై మాసమున లాంద్ ప్రాంతపు దావాగ్నులలో ఇరువదివేల హెక్టార్లకు పైగా దగ్ధమైనవి. మరియు చెట్టు ఉండవలసిన చోటును ముఖ్యము. అట్లాంటికు ఆవలియొడ్డున ఫ్లోరిడా రాష్ట్రమున ఈ సరుగుడునే నాటరాదని నిషేధించిరి. నీటి యంచువరకు వ్యాపించి, తాబేళ్లు గ్రుడ్లు పెట్టుకొను ఇసుకను ఆక్రమించినదని దానిమీది నేరారోపణ. మన తీరమునకు వచ్చు తాబేళ్లకును ఇసుక కావలెను. కావున ముందు దిబ్బ, దానిమీద మన బాలబంద తీగ, రావణాసురుని మీసాలు, ఆ వెనుక మొగలి, అటుపై సరుగుడు. ఈ క్రమమును ప్రకృతియు బ్రెమోంతియేయు ఒకేవిధముగ బోధించుచున్నారు.

రెండవది: రక్షకవనము వేరు, పంటతోపు వేరు. రైతు తన పొలమున నాటిన సరుగుడును నాలుగైదేండ్లకు కొట్టి వాసములకును కాగితపు మిల్లులకును అమ్ముకొనును. అది ఆయన హక్కు. కాని దూరమునుండి చూచువారికి రెండును పచ్చగనే యుండును. పటమున పచ్చరంగు చూచి, తీరమునకు కావలి కలదని మురిసిపోవు అధికారులు, గొడ్డలిపడిన మరునాడు ఆ కావలి యెచ్చట నుండునో యోచింపవలెను.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, దూరమును గూర్చినది. ఇసుకలో మునిగి తేలిన ఆ సులాక్‌లోనే 1960 దశకపు చివర నాలుగంతస్తుల భవనమొకటి కట్టిరి. పేరు సిగ్నల్, 78 వాటాలు. నాడు సముద్రము దానికి దాదాపు 200 మీటర్ల దూరమున నుండెను. తీరము కోసికొనిపోగా 2014లో అధికారులు కాపురమున్నవారిని ఖాళీచేయించిరి. పరిహారమునకై వారు న్యాయస్థానముల మెట్లెక్కిరి. ప్రకృతివిపత్తుల నిధి ఇట్టి కోతకు వర్తింపదను నియమమును రాజ్యాంగ న్యాయమండలి 2018లో సమర్థించినది. తరువాత ప్రభుత్వము ప్రత్యేకముగ కొంత సొమ్ము చెల్లించినది. 2023లో భవనమును కూల్చివేసిరి. నేను పోయినపుడు అచ్చట కేవలము ఇసుక. రెండువందల మీటర్లు, అర్ధశతాబ్దము: ఇది ఆ వ్యాజ్యపు సారాంశము.

ఇక మన శాసనమును చూడుడు. కేంద్రప్రభుత్వము 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటనను వెలువరించినది. గ్రామీణ తీరములలో పోటుగీటునుండి 200 మీటర్లవరకు క్రొత్త కట్టడములకు సామాన్యముగ తావులేదని అందలి ముఖ్యాంశము. 2011లో దానిస్థానమున వేరొకటి వచ్చినది, 2019లో మరియొకటి. ఈ కడపటిదానిలో, 2011 జనాభా లెక్కప్రకారము చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించిన గ్రామీణప్రాంతములలో ఆ 200 మీటర్లు 50 మీటర్లైనవి. ఇండ్లకు చోటు చాలక క్రిక్కిరిసి బ్రదుకుచున్న మత్స్యకారులకు ఇది యవసరమని వాదించువారు కలరు. ఆ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. కాని మత్స్యకారుని యింటికని తెరచిన తలుపున విహారగృహముల యజమాని ముందుగ ప్రవేశించుట మనము చూడని వింత కాదు. గదినుండి సముద్రము కనబడవలెనని అతిథి కోరును. కనబడవలెనన్న దిబ్బ చదునుకావలెను, చెట్టు పడిపోవలెను. అద్దె అతనికి వచ్చును. గాలివాన వృద్ధునికి, ఆతని యింటికి వచ్చును. మత్స్యకారులకిచ్చిన సడలింపు మత్స్యకారులకే చెందవలెను. ఎవరి పేర సడలింపు పుట్టినదో వారికి కాక యితరులకు దక్కినచో దానిని న్యాయమన వీలులేదు.

రాజధానిలోని మన విద్యావంతులు దీనికి చేయగలిగినది కలదు. ప్రతి తీరజిల్లాకును తీరప్రాంత నిర్వహణ ప్రణాళిక యని పటములు తయారగును. ముసాయిదాను ప్రకటించి ప్రజల యభిప్రాయములను తీసికొనవలెనని నియమము. పోటుగీటు ఎచ్చట గీచిరో, తమ యూరి దిబ్బను దిబ్బగ చూపిరో లేక ఖాళీనేలగ చూపిరో పరీక్షించుటకు ఇంజనీరులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు మనలో కొరవడలేదు. తోపులో ఆకు పోగుచేయు వృద్ధుడు ఆ పటమును చదువలేడు. దిబ్బ యెచ్చట నుండెనో ఆతనికి తెలియును. ఆతని జ్ఞాపకమును మన యక్షరమును కలిసినగాని మంచి యాక్షేపణపత్రము తయారుకాదు. సంక్రాంతికి ఊరికి పోయినపుడు ఒక పూట దీనికై వెచ్చించుట దుస్సాధ్యము కాదు.

మా వరోరాలో వృత్తి చేసిన న్యాయవాది యొకరు బాబా ఆమ్టే. 1949లో ఆయన ఈ యూరి చెంత రాళ్లబీడును కుష్ఠరోగుల చేతులతోనే సాగుచేయించి ఆనందవనమను పేర నిలిపిరి. నేడు దారిన పోవువాడు ఆ పచ్చదనము మొదటినుండి యున్నదనుకొనును. సూర్యలంక సరుగుడు తోపును చూచువాడును అట్లే యనుకొనును. నాటినవారు కనబడరు, నాటినదే కనబడును. మీరు ఈసారి సముద్రమునకు పోయినపుడు, స్నానమైన పిమ్మట ఒక్క నిముషము నీటికి వెన్నుచూపి నిలువుడు. ఊరికిని సముద్రమునకును నడుమ ఏమి మిగిలియున్నదో లెక్కింపుడు. ఏమియు లేదని తోచినచో, పటమును తెప్పించి చూచుటకు అదియే తగిన సమయము.